మూడు దోవల కాడ వదిలినవి

మా ఊళ్ళో ఎవరూ రోడ్డు మీద ఏమీ పారేసేవాళ్ళు కాదు. ఈ మాట నేను వెటకారానికి అనడం లేదు. బ్లాకు ఆఫీసు నుంచి వచ్చిన అధికారి సభ పెట్టి, 'ఇక మీదట రోడ్డు మీద చెత్త పారేయం అనేవాళ్ళు చేతులెత్తండి' అంటే ఊరు ఊరంతా చేతులెత్తింది. అందులో ఒక్కటి కూడా అబద్ధపు చెయ్యి కాదు. ఎందుకంటే మా మూడు దోవల కాడ పడి ఉండేవి ఎవరూ పారేసినవి కావు. వదిలినవి. పారేయడానికీ వదలడానికీ ఉన్న తేడా ఆ అధికారికి తెలియదు. ఆయన అడగలేదు, మా వాళ్ళు చెప్పలేదు. ఆ ఒక్క మాట తేడా మా చిన్నమ్మ దగ్గర నుంచి ఏం తీసుకుపోయిందో చెప్పేవాళ్ళు ఇప్పుడు నేను తప్ప మిగల్లేదు. అందుకని రాస్తున్నాను.

నెల్లూరు నుంచి మైపాడుకు పోయే రోడ్డు మీద, సముద్రం ఇంకాస్త దూరం ఉందనగా వస్తుంది మా ఊరు. పడమర వరి మళ్ళు. తూర్పున తాటితోపులు, ఇసుక, ఆ వెనక చేపలు పట్టేవాళ్ళ పాలెం. యాభైల చివర్లో ఆ రోడ్డుకు కంకర పోసి రోలరు తిప్పారు, బస్సు వేశారు. కాలవ గట్టు మీదుగా వచ్చే బండి దోవ పెద్ద రోడ్డులో కలిసే చోటును మూడు దోవల కాడ అనేవాళ్ళం. బస్సు ఆగేది అక్కడే. చేపల తట్టలతో వచ్చే పాలెం ఆడవాళ్ళూ, ఆసుపత్రికీ కోర్టుకూ పోయే మా రైతులూ అక్కడే నిలబడేవాళ్ళు.

ఆ నిలబడే చోట కాళ్ళ కింద ఏముండేదో ఇప్పటివాళ్ళకు చెబితే గాని తెలియదు. విస్తరాకులు, తాటికాయ పీచు, చెరుకు పిప్పి, ఇవీ ఉండేవి. వాటిని గొడ్లో మేకలో తినేవి, లేదా వాన కలిపేసుకునేది. మావైపు దాన్ని కసువు అంటాం. కసువును ఊడవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఎవరూ తాకక పేరుకుపోయేది వేరే ఉండేది. బిడ్డకు జ్వరం వచ్చినా, గొడ్డు పాలివ్వకపోయినా, కొత్త కోడలు కళ్ళు తిరిగి పడ్డా, దిగదుడిచిన వస్తువులన్నీ సందెవేళ అక్కడ వదిలి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసేవాళ్ళు. ఎర్రన్నం ముద్దలు, పగిలిన బూడిద గుమ్మడికాయలు, మేకులు గుచ్చిన నిమ్మకాయలు, మసిబొట్లు పెట్టి పగలగొట్టిన కుండలు. పోయినవాళ్ళ చాపలు, దిండ్లు కూడా. ముందుగా ఎవరి కాలు దాటితే పీడ వాళ్ళతో పోతుందని నమ్మకం. అందుకే అది ముక్కూ మొహం తెలియనివాళ్ళు నడిచే చోటై ఉండాలి. బస్సు వచ్చాక ఇంకా సౌకర్యం అయింది. ఎడ్లబండయితే పీడను పక్క ఊరి దాకానే తీసుకుపోయేది, బస్సు నెల్లూరు దాకా మోసుకుపోతుంది కదా అని మా ఊరివాళ్ళ ఆలోచన.

కుండ పెంకులు, మేకులు మాత్రం ఏ బస్సూ మోసుకుపోలేదు. అవి అక్కడే ఉండి మనుషుల పాదాల్లో దిగేవి. అప్పట్లో చెప్పులు ఎంతమందికి ఉండేవి?

మా చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే మా వీధి చివర చిన్న తాటాకిల్లు వేసుకుని ఒంటరిగా ఉండేది. పిల్లల్లేరు. ఆమెకు ఒకటే పని, ఊళ్ళో పుట్టిన బిడ్డలకు నీళ్ళు పోయడం. పీట మీద కూర్చుని రెండు కాళ్ళూ చాపి, బిడ్డను ఆ కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, నలుగు పెట్టి, ముక్కు సాగదీసి, తల గుండ్రంగా ఒత్తి, వేడినీళ్ళు పోసేది. చివర్న ఒక పుడిసెడు నీళ్ళు బిడ్డ చుట్టూ తిప్పి పారబోసి, సాంబ్రాణి పొగ చూపించి తల్లి ఒళ్ళో పెట్టేది. ఇందుకు ఆమెకు ఎవరూ జీతం ఇచ్చింది లేదు, ఆమె అడిగింది లేదు. పొద్దున్నే ఒక ఇంట్లో మొదలుపెడితే ఎండెక్కేదాకా ఇళ్ళు తిరుగుతూనే ఉండేది. పెద్ద మీసాల మనుషులు ఎదురైనా, "ఏరా, నా కాళ్ళ మీద ఎన్నిసార్లు పోసినావో గుర్తుందా" అని నలుగురిలో అనేది. వాళ్ళు నవ్వుకుంటూ తప్పుకుపోయేవాళ్ళు. ఆ హక్కు ఊళ్ళో ఇంకెవరికీ లేదు. ఆమెకున్న ఆస్తంతా అదే.

అధికారి కోస్తా పైజిల్లాల నుంచి వచ్చినవాడు. కుర్రవాడే, మంచివాడు. ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో వచ్చిన అధికారులందరినీ ఒకే గాటన కట్టి తిట్టుకోవడం మా తరానికి అలవాటు, నాకూ ఆ అలవాటు ఉంది. ఇతను మాత్రం జీపు దిగి నడిచే రకం. వ్యాను తెచ్చి, గోడ మీద తెల్లబట్ట కట్టి, బొమ్మలు వేసి చూపించాడు. శుభ్రంగా ఉన్న ఊరు, రోడ్డుకు అటూ ఇటూ పూలమొక్కలు, ఎక్కడా గడ్డిపరక లేదు.

"ఇట్టాంటి ఊరు యాడుందయ్యా?" అని మా ఊరి పెద్ద అడిగాడు.

"మనం తలుచుకుంటే ఇక్కడే ఉంటుందండీ."

"అది సరే. ఆ ఊళ్ళో గొడ్లు లేవా? ఉంటే ఏం తింటాయి?"

జనం నవ్వారు. అధికారి కూడా నవ్వాడు. తర్వాత ఈగల గురించీ, పురుగుల గురించీ, పుండ్ల గురించీ చెప్పాడు. కరపత్రాలు పంచాడు. నేను అయిదో తరగతితో బడి మానేసినా, బెల్లం చుట్టి ఇచ్చిన కాగితం ముక్క కూడా చదవకుండా పారేసేవాణ్ణి కాదు. అది అధికారికి ఎవరు చెప్పారో గాని, ఆ కరపత్రాలు ఇంటింటికీ తిరిగి చదివి వినిపించే పని నాకు అప్పగించాడు. అప్పటికి నాకు ఇరవై దాటలేదు. నేను గొంతు సవరించుకుని చదివేవాణ్ణి. "రోడ్డుపై చెత్తను పారవేయుట నేరము, అనారోగ్యము." వినేవాళ్ళు తలలూపేవాళ్ళు. "అవున్నాయనా, పారెయ్యకూడదు గదా, ఎవురు పారేస్తారు" అనేవాళ్ళు. చిన్నమ్మ మాత్రం ఒకసారి పూర్తిగా విని, "మూడు దోవల కాడ ఉండే దాన్ని గురించి ఇందులో ఏం రాయలేదేందిరా?" అంది.

"అదీ చెత్తే కదా చిన్నమ్మా."

"అది చెత్తని నువ్వంటన్నావు. కాయితంలో లేదు గదా."

ఆ మాట అధికారి చెవిన వేయాలని నాకు తోచలేదు. ఆ వయసులో అచ్చులో ఉన్నదాని మీద అంత గౌరవం నాకు.

తర్వాత శ్రమదానం రోజు పెట్టారు. పొద్దున్నే ఊళ్ళోవాళ్ళం తట్టలూ పారలూ చీపుళ్ళూ తీసుకుని బయల్దేరాం. బడిపిల్లలు పాటలు పాడుతూ ముందు నడిచారు. ఊరి మొగదల నుంచి రోడ్డుకు రెండు పక్కలా ఊడ్చుకుంటూ పోయాం. ఆకులు, పీచు, పేడ, సోడాబుడ్డి గాజుముక్కలు, అన్నీ ఎత్తి ఎరువు గుంతలో వేశాం. ఉత్సాహంగానే జరిగింది. ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ, తట్ట ఎవరిది నిండిందో చూసుకుంటూ మూడు దోవల కాడికి చేరేసరికి, ఎవరూ చెప్పకుండానే అందరి చీపుళ్ళూ ఆగిపోయాయి.

అధికారి వెనక నుంచి వచ్చి, "ఆగారేమండీ? అసలు చెత్త ఇక్కడే కదా ఉంది" అన్నాడు.

ఊరి పెద్ద ముందుకు వచ్చి, "అది చెత్త కాదయ్యా" అన్నాడు.

"మరేమిటండీ?"

"వదిలింది."

"పారేసిందే కదండీ?"

"పారెయ్యలేదయ్యా. వదిలినాం. దాన్ని మేం తాకం."

అధికారి మా మొహాల్లోకి మార్చి మార్చి చూశాడు. పంచాయతీలో ఊడ్చే మనిషిని పిలిచాడు. అతను చీపురు కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. "నాకు జీతం ఇచ్చేది కసువుకు సామీ. దీనిక్కాదు. నాకూ పిల్లలుండారు" అన్నాడు. అతను అన్నది న్యాయమే అని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

అప్పుడు చిన్నమ్మ ఆడవాళ్ళ గుంపులోంచి వచ్చింది. అంతకు ముందు నెలలో ఆమె నీళ్ళు పోసి పెంచిన పసివాడొకడు, అప్పుడప్పుడే నడక నేర్చినవాడు, అక్కడే కుండపెంకు తొక్కి అరికాలు తెగ్గోసుకున్నాడు. అది చీము పట్టి, వాడు చాలా రోజులు పాకుతూ తిరిగాడు. రోజూ ఆ కాలు కడిగి కట్టు కట్టింది చిన్నమ్మే. ఆమె కొంగు నడుముకు చెక్కి, వంగి, ఒక గుమ్మడికాయ చెక్కను చేత్తో ఎత్తింది. అందరూ చూస్తూ ఉండిపోయారు. దాన్ని తట్టలో వేసి, "నిలబడి చూస్తన్నారే. తట్ట పట్టేదానికి ఒక మనిషి రండి" అంది.

నేను పోయి తట్ట పట్టుకున్నాను. మా అమ్మ వెనక నుంచి నా పేరు పెట్టి పిలిచింది. "వాడు తట్టే పట్టుకుంటాడు లేక్కా, తాకేది నేనే" అంది చిన్నమ్మ, తలెత్తకుండా. పెంకులు, మేకులు, నిమ్మకాయలు, కుళ్ళిన దిండ్లు, ఒక్కొక్కటీ ఆమే ఎత్తింది. తట్టలు మోసి గుంతలో బోర్లించింది నేను. అధికారి సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టాడు. పిల్లలూ కొట్టారు. పెద్దవాళ్ళు కొట్టలేదు.

కొన్నాళ్ళకు అక్కడ ఒక పలక పాతారు. ఈ కూడలి పరిశుభ్రమైనది అని తెల్లరంగుతో రాయించారు. నిజంగానే శుభ్రంగా ఉంది. పై అధికారులు కార్లలో వచ్చి చూసి పోయారు. మా బ్లాకులో ఇంకెక్కడా జరగని పని మా ఊళ్ళో జరిగిందని, ప్రజలకు నచ్చజెబితే అర్థం చేసుకుంటారనడానికి ఇదే నిదర్శనమని చెప్పుకున్నారు.

ప్రజలు అర్థం చేసుకున్న మాట నిజమే. వాళ్ళు అర్థం చేసుకున్నది వేరు.

పీడను వదలడానికి ముక్కూ మొహం తెలియని మనిషి ఎందుకు? ఎవరు తీసుకుపోతారో తెలియదు గనక. ఇప్పుడు తెలిసింది. తీసుకునే మనిషి ఊళ్ళోనే ఉంది, తన చేత్తో తానే ఎత్తుకుపోతుంది. అలాంటప్పుడు మూడు దోవల దాకా నడవడం ఎందుకు? మొదట్లో ఒక అమావాస్య మర్నాడు చిన్నమ్మ వాకిట్లో ముగ్గు మీద ఒక నిమ్మకాయ కనిపించింది. తర్వాత ఎర్రన్నం ముద్ద. తర్వాత కుండ. ఆమె ఇంటి ముందు కంచె మూలన రోజూ పొద్దున్నే ఏదో ఒకటి ఉండేది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, అందరికీ తెలుసు. మా ఎదురింటాయన అరుగు మీద కూర్చుని, "ఆమెకు నడిచే పని తప్పింది గదబ్బా, మేలు చేసినట్టే" అంటే నలుగురు నవ్వారు. నేను అతని మీదికి పోయాను. మా నాయన నా చెయ్యి పట్టి ఇంట్లోకి లాక్కొచ్చాడు.

చిన్నమ్మ అవన్నీ చిమ్మి, గుంతలో వేసి, వాకిలి కడిగి, మళ్ళీ ముగ్గు వేసేది. ఆ పని చేసుకుని బిడ్డల ఇళ్ళకు బయల్దేరేది. అక్కడే వచ్చింది చిక్కు.

"ఈ పూట నేనే పోసేసినా లేక్కా" అన్నారు ఒక ఇంట్లో. "జలుబు చేసింది, రేపు చూద్దాం" అన్నారు ఇంకో ఇంట్లో. మూడో ఇంట్లో తలుపు తీయలేదు. లోపల బిడ్డ ఏడుపు వినిపిస్తూనే ఉంది. ఆమె వాకిట్లో కాసేపు నిలబడి, "ఆ ఏడుపు చెవినొప్పి ఏడుపమ్మే, చెవిలో పోటుంటాది, కాపడం పెట్టు" అని బయట నుంచే చెప్పి వచ్చేసింది. కొన్ని నెలలు గడిచేసరికి ఊళ్ళో ఆమె కాళ్ళ మీద పడుకునే బిడ్డ లేకుండా పోయింది.

ఒక రోజు అధికారి ఆమెను చూడటానికి వచ్చాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన చేతిలో ఏదో ప్రశంసాపత్రం లాంటిది ఉంది. వాకిట్లోకి వచ్చి, కంచె మూలన కుప్ప చూసి ఆగిపోయాడు. ఆ రోజు ఎక్కువగా ఉంది, ముందురోజు ఆదివారం, దిష్టి తీసే రోజు.

"ఇదేమిటమ్మా? ఊరి కూడలి శుభ్రం చేసిన మీరే ఇంటి ముందు ఇంత చెత్త పెట్టుకుంటే ఎలాగండీ? మిమ్మల్ని చూసి కదా నలుగురూ నేర్చుకోవాలి" అన్నాడు. కోపంగా కాదు, నొచ్చుకుంటూ అన్నాడు.

నేను నోరు తెరిచాను. చిన్నమ్మ నా వైపు ఒక చూపు చూసి, "ఊడుస్తా లేయ్యా" అంది. ఆయన ఆ కాగితం ఆమె చేతిలో పెట్టి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

"ఎందుకు చెప్పనియ్యలేదు?" అని నేను ఎగిరాను.

"చెప్తే ఏం చేస్తాడు? మళ్ళీ సభ పెడతాడు. మళ్ళీ చేతులెత్తుతారు."

"నువ్వు అసలు దాన్ని ఎందుకు తాకినావు? నీకా నమ్మకం లేదా?"

"ఎందుకు లేదు? ఉంది" అంది. నాకు ఆశ్చర్యం వేసింది. ఇన్నాళ్ళూ ఆమె ధైర్యాన్ని నేను కరపత్రాల ధైర్యం అనుకున్నాను. "వాళ్ళందరికీ పిల్లలుండారు గదరా. ఆ ఊడ్చేవాడికీ ఉండారు. నాకెవురుండారు? అది పట్టుకున్నా నా కాడ్నే ఆగిపోద్ది. ఇంకొకరికి పోయేదానికి లేదు. అందుకని ఎత్తినా."

ఆమె లెక్క అది. ఊరి లెక్క దానికి సరిగ్గా తలకిందులు. ఆమె దగ్గర ఆగిపోతుందని ఆమె అనుకుంటే, ఆమె చేతుల నుంచి తమ బిడ్డలకు పాకుతుందని వాళ్ళు అనుకున్నారు.

ఆ సంవత్సరమే మా అక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. చిన్నమ్మకు మా అక్క అంటే ప్రాణం. ఊళ్ళో తలుపులు మూసుకున్నా, సొంత అక్క ఇంటి తలుపు ఉందని ఆమె నమ్మకం. కాన్పుకు ముందే పాత మెత్తటి చీరలు ఉతికి పొత్తిగుడ్డలు చింపి పెట్టింది. ఆముదం కాచింది. పెసలు విసిరింది. మగపిల్లాడు పుట్టాడని తెలియగానే ఆ సరంజామా అంతా చేటలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. అప్పటికి అక్క అత్తగారు కూడా ఊరి నుంచి దిగి ఉన్నారు. ఊళ్ళో మాటలన్నీ ఆవిడకు చేర్చడానికి ఒక పూట చాలింది.

మా అమ్మ పెరట్లోనే చెల్లెల్ని ఆపింది.

"నూనె కాచినా అక్కా. రేపట్నుంచి నేనొస్తా."

"వాళ్ళత్తగారు వచ్చి ఉంది గదే. కొన్నాళ్ళు పోనీ."

"కొన్నాళ్ళు పోతే తల కుదురుకుంటదా? ఇప్పుడే గదా ఒత్తాల్సింది."

"నీకు తెలీంది కాదు గదా."

చిన్నమ్మ "తెలుసు లే" అని చేట అక్కడే గట్టు మీద పెట్టింది. "గుడ్డలు వాడుకో. ఇవి నేను ఎత్తక ముందర ఉతికిపెట్టినవే అని చెప్పు." అని వెళ్ళిపోయింది. అది అబద్ధం. ఆ గుడ్డలు ఆమె చింపిన రోజు నాకు తెలుసు.

నేను అమ్మతో పోట్లాడాను. "నువ్వు కూడా నమ్ముతావా?" అన్నాను.

"నేను నమ్మేది ఎవురడిగినారురా? రేపు బిడ్డ తుమ్మితే ఎవురి పేరు చెప్తారు? ఈ ఇంట్లో నిలబెట్టి దాన్ని ఆ మాట పడనియ్యమంటావా? బయట ఉంటే నా చెల్లెలుగా ఉంటాది" అంది అమ్మ. కళ్ళు తుడుచుకోలేదు, ఏడుస్తూనే పొయ్యి ఊదింది. దానికి జవాబు నేను చదివిన కాగితాల్లో దేంట్లోనూ లేదు.

మర్నాటి నుంచి మా అక్క అత్తగారే నీళ్ళు పోసింది. గది కిటికీలోంచి అక్క మా చిన్నమ్మ ఇంటి వైపే చూస్తూ ఉండేది. బాలింతకు గడప దాటే వీలు లేదు, మాట్లాడే వీలు అంతకన్నా లేదు.

చిన్నమ్మ పాలేనికి పోవడం వెనక పెద్ద కథేమీ లేదు. బస్సు కాడ పరిచయమైన చేపల తట్ట ముసలమ్మ ఒకామె, ఆమె కోడలికి కాన్పయిందని చెప్పి, "నువ్వు రాకూడదా" అని అడిగింది.

"నా సంగతి మీకు తెలీదా?" అంది చిన్నమ్మ.

"తెలుసు లేమ్మా. మేం వదలాల్సింది సముద్రంలో వదుల్తాం. అది ఎవురింటి ముందరా ఆగేది కాదు. నువ్వు మా కాడికి రా, నీ వాకిలి జోలికి ఎవురొస్తారో చూద్దాం" అంది ముసలమ్మ.

చిన్నమ్మ పీటా, చెంబూ, రెండు చీరలూ తీసుకుని ఇసుక దోవన నడిచిపోయింది. అక్కడ వాళ్ళు గుడిసె వేసి ఇచ్చారు.

ఆమె పోయిన నెలలోపే మూడు దోవల కాడ మళ్ళీ కుండలు లేచాయి. పలక ఉంది. పలక మొదట్లోనే గుమ్మడికాయ పగిలింది. మా అధికారికి అప్పటికే బదిలీ అయింది. కొత్తాయన వచ్చి, ఇంత మంచి ఊరు ఎందుకిలా అయిపోయిందని ఊరి పెద్దను నిలదీశాడు.

"ఎత్తే మనిషి పోయిందయ్యా" అన్నాడు ఊరి పెద్ద, ఉన్నమాట చెప్పినట్టు.

"ఆ పోస్టు ఖాళీగా ఎందుకు పెట్టారు?" అన్నాడు కొత్తాయన. ఆమెకు జీతం ఉండేదనుకున్నాడు.

ఇన్నేళ్ళుగా ఈ విషయం తలుచుకున్నప్పుడల్లా నా కోపం ఒక్కోసారి ఒక్కొక్కరి మీదికి పోతుంది. ఊరి మీదికి ఎక్కువ పోతుంది. బొమ్మలు చూపించి పోయిన వ్యాను మీదికీ పోతుంది. ఊరి భయం ఏమిటో అడిగి తెలుసుకోకుండా ఊరికి చదువు చెప్పవచ్చని ఎవరు అనుకున్నారు? ఆ రోజు చిన్నమ్మ ఒక గుమ్మడిచెక్క ఎత్తినప్పుడు, రెండోది ఊరి పెద్ద ఎత్తి ఉంటే, మూడోది అధికారి తన చేత్తో ఎత్తి ఉంటే, ఇంటికొక చెయ్యి పడి ఉంటే, పీడ ఎవరి వాకిట్లో పెట్టాలో ఎవరికీ తెలిసేది కాదు. ఊరంతా తాకినదాన్ని ఊరు ఎక్కడ వదులుతుంది? మేము చప్పట్లు కొట్టించాం, చేతులు వేయించలేదు. ఒక్క మనిషి చేత ఊడిపించిన రోడ్డు శుభ్రమైనట్టు కాదు. చెత్త ఆ మనిషి ఇంటికి మారినట్టు, అంతే.

ఇప్పుడు అదే రోడ్డు వెడల్పు చేశారు, నున్నగా తారు పోశారు. సముద్రం చూడటానికి సెలవు రోజుల్లో కార్లు బారులు తీరుతాయి. అద్దం దించుతారు, సంచి విసురుతారు, అద్దం ఎత్తుతారు. వీళ్ళకు వదలడమూ లేదు, పీడ భయమూ లేదు, వెనక్కి తిరిగి చూడకపోవడం మాత్రం అలాగే ఉంది. పొద్దున్నే నారింజ రంగు కోట్లు వేసుకున్న ఆడవాళ్ళు వచ్చి అవన్నీ ఏరుతుంటారు. వాళ్ళు మంచినీళ్ళు అడిగితే గ్లాసు దూరం నుంచి వంచి పోసే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. చదువుకున్న ఇళ్ళే. అవి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరితోనో ఒకరితో గొడవ పెట్టుకుంటాను. ముసలాడికి చాదస్తం అంటారు. అననీ.

మా అక్క ఆ తర్వాత కొన్నేళ్ళకు గాని పుట్టింటికి నింపాదిగా రాలేకపోయింది. వచ్చిన రెండోరోజే, ఎవరికీ చెప్పకుండా, "పాలేనికి పోదాం రా" అంది నాతో. పిల్లవాణ్ణి నడిపించుకుంటూ బయల్దేరాం. వాడికి అప్పటికి బడికి పోయే వయసు వచ్చింది. ఇసుకలో కాళ్ళు కాలుతుంటే గెంతుతూ నడిచాడు.

చిన్నమ్మ గుడిసె ముందు పీట మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, ఎవరిదో నల్లటి బిడ్డకు నీళ్ళు పోస్తూ ఉంది. మనిషి ఎండిపోయింది గాని చేతుల విసురు తగ్గలేదు. మమ్మల్ని చూసి పని ఆపలేదు. "కూసోండి. వీడికి సబ్బు కళ్ళలో పడతాది, ఆగండి" అంది. బిడ్డను తుడిచి, తల్లికి అందించి, అప్పుడు తల తిప్పింది.

"వీడేనా?"

"వీడే చిన్నమ్మా" అంది అక్క. వాడి భుజం మీద చెయ్యి వేసి, "ఒక్కసారి నీ కాళ్ళ మీద వేసుకో. ఒక్క చెంబు నీళ్ళు పొయ్యి" అంది.

చిన్నమ్మ వాణ్ణి దగ్గరికి పిలిచింది. తల మీద చెయ్యి వేసి, చుట్టూ తడిమి చూసింది. వెనకభాగం కొంచెం చదునుగా ఉంది. అక్కడ వేళ్ళు ఆగాయి.

"సరిగ్గా ఒత్తలేదు" అంది తనలో తాను.

"ఇప్పుడు ఒత్తు" అంది అక్క.

చిన్నమ్మ నవ్వింది. "ఇప్పుడు ఎముక గట్టిపడి ఉంటదమ్మే. ఇంగ మారదు. కాళ్ళ మీద వేసుకుంటే వీడి కాళ్ళు నా కాళ్ళు దాటి ఇసకలో ఉంటాయి. వీడికి నేను పొయ్యాల్సిన నీళ్ళు ఎప్పుడో పోయినాయి. వాడే పోసుకుంటాడు లే, చెంబిస్తా."

చెంబు ఇచ్చింది. పిల్లవాడు సిగ్గుపడుతూ చొక్కా విప్పి, గుడిసె పక్కన నిలబడి తన నెత్తి మీద తానే నీళ్ళు కుమ్మరించుకున్నాడు. చిన్నమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాడు పోసుకోవడం అయ్యేదాకా చూస్తూ కూర్చుంది.